పోచమ్మకు ఘాటు పడదు
(వాడ చరిత్ర – 11వ భాగం)



గత భాగంలో బైండ్ల వాళ్ల గురించి, జమిడిక గురించి రాశాను. అది చదివిన ఒక విద్యార్థిని కాలేజీ వరండాలో నన్ను ఆపి సూటిగా అడిగింది. "మేడం, మన దేవతలు ప్రకృతి దేవతలని ఇంత రాస్తారు. బతుకమ్మ నాడు మాత్రం మాస్కు పెట్టుకొని దూరం నిలబడతారు. ప్రకృతే పడని మనిషి ప్రకృతిని ఎట్లా మొక్కుతది?"

ప్రశ్న బాగుంది. జవాబు ఒక్క మాటలో అయిపోదు. చరిత్రలోకి పోవాలి.

ముందు నా ఒంటి సంగతి. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. వయ్యారిభామ మొక్క మీది నుంచి గాలి వస్తే కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు వాచి దద్దుర్లు లేస్తాయి. చామంతి దండ చేతిలో పట్టుకుంటే అదే కథ. మైసాక్షి పొగ రెండు నిమిషాలు పీలిస్తే ఛాతీలో పిల్లి కూస్తుంది. బ్యాగులో ఇన్‌హేలర్ లేకుండా గడప దాటను. ఇక మా ఇంటి దేవతలు పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ. వాళ్లకు కావాల్సింది పువ్వు, ఆకు, పసుపు, పొగ, కల్లు. అంటే నా దేవతకు ఇష్టమైన వస్తువుల జాబితా, నా డాక్టరు వద్దన్న వస్తువుల జాబితా దాదాపు ఒకటే.

ఇది చూసి ఒక సహోద్యోగి నవ్వుతూ అన్నాడు, "మీ పండుగ మీకే పడదా?" అని. మా ఊళ్లో ఒక పెద్దమ్మ అయితే "తల్లికి కోపం వచ్చిందే బిడ్డా" అన్నది. ఇద్దరి మాటల్లోనూ ఒకటే నమ్మకం ఉంది. ఆచారం కదలదు, ఒళ్లే దానికి లొంగాలి అని. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో చూద్దాం.

*

ఇంగ్లీషులో ఇలాంటి మతాలను 'పేగన్' అంటారు. ఆ మాట లాటిన్ 'పగానుస్' నుంచి వచ్చింది. దానికి అర్థం పల్లెటూరి మనిషి. రోమన్ నగరాలు క్రైస్తవంలోకి మారిన కాలంలో, పాత దేవతలను వదలని వాళ్లకు అదే పేరు స్థిరపడింది. మన దగ్గరికి వచ్చిన మిషనరీలు, అధికారులు అదే కళ్లద్దాలతో చూశారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామ దేవతల మీద పెద్ద పుస్తకమే వేశాడు. తెలుగు జిల్లాల జాతరలు అందులో చాలా ఉన్నాయి. 1950ల నుంచి బ్రిటన్‌లో ఆ పేరునే గర్వంగా ధరించిన కొత్త ప్రకృతి మతాలు లేచాయి. అక్కడ మంత్రగత్తెల చట్టాన్ని 1951లో రద్దు చేశాక గెరాల్డ్ గార్డనర్ లాంటి వాళ్లు బాహాటంగా పుస్తకాలు రాశారు.

కానీ ఈ మాట మనకు అతకదు. పగానుస్ అంటే ఊరి మనిషి. మనం ఊరి మనుషులం కాదు, వాడ మనుషులం. మనల్ని ఊరి బయట ఉంచారు. పోచమ్మనూ ఊరి బయటే, పొలిమేర మీద, వేపచెట్టు కింద ఉంచారు. ఊరికి రోగం రాకుండా కావలి కాయడానికి ఆమె, ఊరి చచ్చిన పశువును లాగడానికి మనం. ఆమె గుడికి, మన గుడిసెకు మధ్య దూరం తక్కువ. కంచ ఐలయ్య 1996లో వచ్చిన 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో పోచమ్మను మధ్యవర్తి పూజారి అక్కర్లేని దేవతగా చూపించింది ఈ నేల మీద నిలబడే.

పూజారి లేడంటే ఏమిటి అర్థం? ఏది పడుతుంది, ఏది పడదు అని చెప్పే గ్రంథం లేదు. చెప్పే హక్కు మొక్కేవాళ్లదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

*

ఇప్పుడు పువ్వుల దగ్గరికి వద్దాం. "అనాదిగా ఇవే పువ్వులు" అంటారు. నిజమా?

బంతి పువ్వు సొంతూరు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. అక్కడి అజ్టెక్ ప్రజలకు అది పవిత్రం. ఇప్పటికీ మెక్సికోలో చనిపోయిన వాళ్ల పండుగ నాడు సమాధుల మీద బంతి రేకులే పరుస్తారు. పోర్చుగీసు వాళ్లు సముద్రం దాటి వచ్చాకే అది మన నేలకు చేరింది. చామంతిని సాగులోకి తెచ్చింది చైనా. అంటే మనం ఆదిమం అనుకునే బతుకమ్మలో రెండు ముఖ్యమైన పువ్వులు వలస వచ్చినవి. తంగేడు మాత్రం ఈ నేలదే. గునుగు జొన్న చేలల్లో, గట్ల మీద దానంతట అదే మొలిచే కలుపు. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా పెరిగింది గనుకే కూలి ఆడవాళ్లకు అందిన పువ్వు అది.

ఇంకొక వలస మొక్క ఉంది. వయ్యారిభామ. కొన్ని చోట్ల కాంగ్రెస్ గడ్డి అంటారు. దీని పుట్టిల్లూ అమెరికా ఖండమే. 1950ల మధ్యలో పుణె దగ్గర కనబడింది. ఆ తర్వాత రోడ్ల పక్కన, రైలు పట్టాల పక్కన దేశమంతా పాకింది. దాని ఆకుల మీది సన్నని నూగులో పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. ఎండిన మొక్క పొడి గాలిలో కలిసి చర్మానికి తగిలితే కొందరికి తీవ్రమైన చర్మరోగం వస్తుంది. వయ్యారిభామ, బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబం మొక్కలు. అందుకే వయ్యారిభామతో చెడిన ఒళ్లు ఒక్కోసారి చామంతిని కూడా శత్రువుగానే చూస్తుంది. నా ఒంటికి జరిగింది అదే.

కొత్తపేటలో నేనుండే గల్లీ చివర ఒక ఖాళీ ప్లాటు ఉంది. కోట్ల ధర పలికే ఆ జాగాలో వానలు పడంగనే వయ్యారిభామ నడుం ఎత్తు పెరుగుతుంది. కొన్నవాడికి పెరిగే రేటు కావాలి, గడ్డితో పనేముంది! సరిగ్గా బతుకమ్మ రోజులకే, వానలు వెనకబట్టే కాలానికే, అది పూత మీద ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, నాకు పడనిది ప్రకృతా? ఓడల్లో వచ్చిన విత్తనం, గాలికి వదిలేసిన భూమి, రియల్ ఎస్టేట్ కలిసి తయారు చేసిన ప్రకృతి ఇది. దీనికి తేదీలున్నాయి, యజమానులున్నారు.

*

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. మన దేవతలు పంటల దేవతలు, చెట్ల దేవతలు మాత్రమే కాదు. వాళ్లు రోగాల దేవతలు. మశూచికి పోచమ్మ, ముత్యాలమ్మ. పొంగు చూపితే ఆటలమ్మ. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టుకనే ఒక మహమ్మారితో ముడిపెట్టి చెప్తారు. 1813లో జంట నగరాలను అంటువ్యాధి ఊడ్చేస్తుంటే, సైన్యంలో డోలీలు మోసే సురటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకున్నాడని, తిరిగి వచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడని కథనం. పండుగ పుట్టింది రోగి మంచం పక్కన.

మశూచి కాలంలో ఇంట్లో పాటించిన నియమాలు మీ నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. "తల్లి పోసింది" అనగానే ఆ ఇంట్లో తాలింపు బంద్. మిరపకాయ ఘాటు, నూనె మాడిన వాసన రాకూడదు. మాంసం వండరు. గట్టిగా అరవరు. బయటివాళ్లను రానివ్వరు. పిల్లను వేపాకు పరిచిన పక్క మీద పడుకోబెడతారు, గోళ్లతో గీరుకోకుండా వేపమండతో నిమురుతారు. చల్ల, అంబలి, పెరుగన్నం పెడతారు. పొక్కులు మాడినాక పసుపు, వేపాకు వేసిన నీళ్లు పోస్తారు. "సల్లగ చూడు తల్లీ" అన్నదే మంత్రం.

ఈ నియమాలన్నీ ఎవరి కోసం? తల్లి ఎక్కడో గుడిలో లేదు, ఆ పిల్ల ఒంట్లోనే ఉంది అన్నది నమ్మకం. కాబట్టి ఆ ఒంటికి ఏది పడదో అది దేవతకూ పడదు. ఘాటు పిల్లకు బాధ, అందుకే పోచమ్మకు ఘాటు పడదు. ఇల్లంతా, వంటంతా, పలకరింపులన్నీ ఆ ఒక్క ఒంటికి తగ్గట్టు మారిపోయేవి. ఒళ్లు ఆచారానికి లొంగడం కాదు, ఆచారమే ఒంటి చుట్టూ వంగింది.

మా పెద్దమ్మకు నేను చెప్పింది ఇదే. "పెద్దమ్మా, తల్లి పోసిన ఇంట్లో పోపు పెట్టేదానివా? పెట్టవు కదా. మరి నా ఊపిరి ఆడని చోట మైసాక్షి ఎందుకు?" ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నిప్పుల పెంకు తీసి పెరట్లో పెట్టింది.

*

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ జ్ఞానాన్ని నేను ఆకాశానికి ఎత్తడం లేదు. వేపమండ రోగికి ఉపశమనం ఇచ్చింది గానీ మశూచిని ఆపలేదు. ఆపింది టీకా. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఇంగ్లండులో వేశాడు, 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకు మన దేశంలో తొలి టీకా పడింది. ఆ తర్వాత కూడా నూట డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. మన దేశంలో చివరి మశూచి కేసులు 1975లో. ప్రపంచం నుంచి అది పోయిందని 1980లో ప్రకటించారు. తల్లికి కోపం వస్తుందని టీకా వేసేవాళ్లకు పిల్లలను చూపకుండా దాచిన ఇళ్లు కూడా మన చరిత్రలో ఉన్నాయి. అది కూడా రాయాలి.

'అలర్జీ' అనే మాట పుట్టుకలో కూడా ఈ టీకా ఉంది. 1906లో వియన్నాకు చెందిన పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఆ మాటను తయారు చేశాడు. గుర్రపు సీరం ఇంజెక్షన్, మశూచి టీకా రెండోసారి తీసుకున్న కొందరిలో ఒళ్లు మొదటిసారి కంటే వేగంగా, తీవ్రంగా స్పందించడం అతను గమనించాడు. ఒళ్లు ఒకసారి కలిసినదాన్ని గుర్తు పెట్టుకుంటుంది, ఆ గుర్తు కాపాడనూవచ్చు, బాధించనూవచ్చు అన్నది అతని ఆలోచన. పోచమ్మ రోగాన్ని ఆపిన మందే, నా రోగానికి పేరు పెట్టింది.

అదే 1906లో మన హైదరాబాద్‌లో ఇంకొక పని మొదలైంది. భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్ర మండలి పెట్టాడు. హరికథలతో బస్తీ బస్తీ తిరిగి మన వాళ్లను కూడగట్టాడు. దేవుడి పేరు మీద ఆడపిల్లలను జోగినులుగా వదిలేయడం మీద, జంతుబలుల మీద, తాగుడు మీద ఆయన, ఆయన సహచరులు పోరాడారు. కొలుపును మార్చుకునే పని వందేళ్ల కిందనే మన ఇంటి మనుషులే మొదలుపెట్టారు. "ఆచారం మారిస్తే మన సంస్కృతి పోతుంది" అనే కుర్రవాళ్లు ఆ చరిత్ర చదవాలి. ఆచారాన్ని అద్దాల పెట్టెలో పెట్టమని మన పెద్దలు చెప్పలేదు.

*

తెలుగులో 'అంటు' అనే మాట చూడండి. తాకడం అంటు. రోగం అంటు. మైల అంటు. చివరికి అంటరానితనం. తాకిడికి, రోగానికి, కులానికి కలిపి ఒకే మాటను వాడుకున్న భాష మనది.

దీని అర్థం నాకు డిగ్రీ చదువుతున్నప్పుడు హాస్టల్లో తెలిసింది. ఒక వానాకాలం నాకూ, పక్క గదిలో అమ్మాయికీ ఒకే వారంలో దద్దుర్లు లేచాయి. ఆ అమ్మాయిది పెద్ద కులం. ఆమెను ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నాకు వేరే కంచం, వేరే గ్లాసు ఇచ్చారు. ఇద్దరివీ అవే దద్దుర్లు. అలర్జీ ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ నా చర్మం మీద లేచిన ప్రతి పొక్కుకూ ముందే ఒక పేరు రాసి ఉంది.

అలర్జీ అంటే ఏమిటని సైన్సు చెప్తుంది? హాని చేయని పుప్పొడిని ఒళ్లు శత్రువనుకొని యుద్ధం చేయడం. ఇది చదివితే కులం గుర్తుకొస్తుంది, నిజమే. చాలామంది ఆ పోలికతో ఆగిపోతారు. నేను ఆగను. నా ఒంటిలోని కణాలకు తెలిసి చేసే బుద్ధి లేదు. కులం తెలిసి చేస్తుంది, తరాల పాటు లెక్కలు రాసుకొని చేస్తుంది, దానివల్ల లాభం తీసుకుంటుంది. కులానికి జబ్బు అని పేరు పెడితే నేరం చేసినవాడు రోగి అయిపోయి తప్పించుకుంటాడు. ఆ వెసులుబాటు ఇవ్వొద్దు.

ఇదే అంటును తలకిందులు చేసిన మనిషి మన చరిత్రలో ఉంది. మాతంగి. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ మాదిగల గురించి రాసిన పుస్తకంలో, 1909లో థర్‌స్టన్ వేసిన కులాల సంపుటాల్లో ఈమె కనబడుతుంది. మాదిగ స్త్రీ మాతంగిగా జాతర నాడు అందరి మీద ఉమ్మేది. పెద్ద కులాల వాళ్లు ఆ ఉమ్మి తగిలితే మైల పోతుందని నిలబడి పడనిచ్చేవాళ్లు. ఏడాదంతా నీడ పడకూడని మనిషి, ఆ ఒక్కరోజు ఆమె ఉమ్మే మందు.

ఎల్లమ్మ కథ ఇంకా లోతుకు పోతుంది. కొడుకు పరశురాముడు గొడ్డలి ఎత్తితే రేణుక పరుగెత్తి మాతంగిని కౌగిలించుకుంది. ఒకే వేటుకు ఇద్దరి తలలూ తెగాయి. తిరిగి అతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. ఒకరి తల, ఇంకొకరి ఒళ్లు. ఆ అతుకుతోనే ఆమె దేవత అయింది. ఒంటికి పరాయిదాన్ని తోసేసే గుణం ఉంటుందని డాక్టర్లు చెప్తారు. మన తల్లి మాత్రం పరాయి తలను తనదిగా చేసుకొని బతికింది. అయినా కథ ఎంత గొప్పదైనా జోగిని బతుకును మార్చలేదు. దానికి 1988లో నిషేధ చట్టం రావాల్సి వచ్చింది. కథను ప్రేమించాలి, చట్టాన్ని అమలు చేయించాలి.

*

ఇప్పుడు ఈ ప్రకృతి పూజలో పొగ, దుమ్ము, పుప్పొడి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయో చూద్దాం.

సద్దుల బతుకమ్మ తెల్లారి సరూర్‌నగర్ చెరువు గట్టుకు రండి. రాత్రి ఆడిన పువ్వులు తడిసి, కుళ్లి, కుప్పలుగా ఉంటాయి. రంగు అద్దిన గునుగు ఆ నీళ్లలో రంగు వదులుతుంటుంది. వాటిని ఎత్తేది పారిశుద్ధ్య కార్మికులు. అందులో ఎక్కువమంది మన ఆడవాళ్లే. పువ్వు తలకెత్తుకున్న చేతులను ఫొటో తీస్తారు. కుప్ప ఎత్తే చేతులను తీయరు. వాళ్లకు దగ్గు వస్తే అలర్జీ టెస్టు చేయించేది ఎవరు?

డప్పు కొట్టే ముందు చర్మం బిగియడానికి గడ్డి మంట మీద కాస్తారు. ఆ పొగ పీల్చేది కొట్టేవాడే. బోనాల ఊరేగింపులో గంటల తరబడి ఆ పొగలో, ఆ దుమ్ములో ముందు నడిచేది అతనే.

మా కొత్తపేటలోనే చూడండి. ఇక్కడి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుంచి 2021లో బాటసింగారం తరలిపోయే దాకా నడిచింది. ఎండాకాలమంతా లారీల లారీల మామిడి. కాయలను త్వరగా మగ్గించడానికి కొందరు వ్యాపారులు వాడే కార్బైడ్ చట్టప్రకారం నిషిద్ధం. తడి తగిలితే అది ఎసిటిలీన్ వాయువును వదులుతుంది, గొంతు, కళ్లు మండుతాయి. పండు తినేవాడి ఆరోగ్యం గురించి పత్రికలు రాశాయి. పెట్టెలు మోసిన హమాలీ దగ్గు గురించి ఎంత రాశాయి? ఆ మార్కెట్ జాగాలోనే 2022 ఏప్రిల్‌లో టిమ్స్ ఆసుపత్రికి పునాది రాయి వేశారు. ఆ జాగాలో ఏళ్లపాటు మూటలు మోసిన వాళ్లకు అక్కడ ఊపిరి పరీక్ష ఉచితంగా అందాలి. ఇది మనం అడగాల్సిన మొదటి డిమాండు.

ఎందుకంటే వైద్యం అందనిచోట జనం ఏది దొరికితే దాన్ని నమ్ముతారు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం వేల మంది వరుస కడతారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. తమ కుటుంబం 1845 నుంచి ఇస్తున్నదని బత్తిని వాళ్లు చెప్తారు. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు ప్రశ్నించాయి, తర్వాత దాన్ని ప్రసాదం అనడం మొదలైంది. దానివల్ల ఉబ్బసం నయమవుతుందని రుజువు కాలేదు. వరుసలో నిలబడ్డ మనిషిని ఎగతాళి చేయడం నా పని కాదు. ఒక్కటే చెప్తాను. ఏది మింగినా సరే, డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఆపకండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది అపోహ. దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకున్నా, పెదవులు వాచినా, కళ్లు తిరిగినా వెంటనే దవాఖానకు పోవాలి. అక్కడ ప్రాణం కాపాడేది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. వేపమండ కాదు.

*

"మరి అంబేడ్కర్ వాదికి పోచమ్మ ఏంది?" అని కూడా కొందరు అడుగుతారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలు నాకు తెలుసు, గౌరవం. ఆ దారిలో పూర్తిగా నడిచే మిత్రులతో నాకు తగాదా లేదు. నేను పోచమ్మ దగ్గరికి వరం కోసం పోవడం లేదు. మా అమ్మ, మా అవ్వ రోగిని ఎట్లా చూసుకున్నారో గుర్తు పెట్టుకున్న చోటు అది. ఆ జ్ఞాపకాన్ని ఎండోమెంట్ బోర్డుకో, కొత్తగా వచ్చి కూర్చున్న పూజారికో అప్పజెప్పడం నాకు ఇష్టం లేదు.

అందుకే నా బోనం నా ఒంటికి తగ్గట్టే ఉంటుంది. కుండలో పెరుగన్నం. చామంతి, బంతి ఉండవు. తంగేడు కొమ్మ నాలుగు రోజులు దగ్గర పెట్టుకొని చూశాను, నాకు పడింది, అది పెడతాను. మీకు ఏది పడుతుందో మీ డాక్టరు, మీ ఒళ్లు చెప్పాలి. మైసాక్షి బదులు నీళ్ల సాక. డప్పు కాచే మంటకు గాలి ఎదురుగా కాకుండా పక్కన నిలబడతాను. కొట్టే తమ్ముడికి కూడా ఒక మాస్కు ఇస్తాను. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రభుత్వమే బోనాలు ఇళ్లలో చేసుకోమన్నది. నగరమంతా గడప దగ్గరే బోనం దించింది. తల్లికి కోపం రాలేదు. నగరమంతటి ఊపిరి కోసం పండుగ మారగలిగినప్పుడు, ఒక్క మనిషి ఊపిరి కోసం మారదా?

మీలో బస్తీ కమిటీల్లో ఉన్నవాళ్లు ఈ ఆషాఢానికి మూడు పనులు చేయండి. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామను పూతకు రాకముందే పీకించండి. పీకేవాళ్లకు చేతొడుగులు, మాస్కులు ఇప్పించండి. ఊరేగింపు దారిలో పొగ లేని ఒక జాగా ఉంచండి, అక్కడ ముసలివాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు కూర్చుంటారు. ఇందుకు ఏ పూజారి అనుమతీ అక్కర్లేదు. మన దగ్గర ఆ హక్కు ఎప్పుడూ మొక్కేవాళ్లదే.

వచ్చే భాగంలో చిందు ఎల్లమ్మ గురించి, చిందు భాగవతాన్ని మోసిన ఆడవాళ్ల గురించి రాస్తాను.

జై భీమ్.